తెరవడం సగం పని, ఖాళీ చేయడం మిగతా సగం

మంటమీద నీరు చల్లితే మంట ఆరుతుంది. ఈ సంగతి మీకు బడిలో చేరకముందే తెలుసు. కాని నీరు చల్లే యంత్రాన్ని ఆ నీరే పగలగొట్టే సందర్భం ఒకటుందని, మంట నార్పడానికి పోసిన నీరే ఓడను పడదోయగలదని ఎప్పుడైనా విన్నారా? గడ్డకట్టే చలిలో తిరిగే ఓడల మీద నీరు చల్లే వ్యవస్థలను ఎలా నడపాలన్నది పెద్ద చిక్కు ప్రశ్న. దానికి ఇంజనీర్లు, నావికులు చెప్పే జవాబులు ఒక్కటిగా లేవు. ఈ విషయంలో నా అభిప్రాయమేమిటో, అది ఎందుకు కలిగిందో మీ ముందు ఉంచుతాను. మీరు చదివి, ఒప్పుకోవచ్చు, వాదించనూ వచ్చు.

బి.కొత్తకోటలో చదువుకునే విద్యార్థికి ఓడల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. అక్కడికి దగ్గరి సముద్రమే సుమారు 200 కిలోమీటర్ల దూరం. పక్కనే 1200 మీటర్లకు పైగా ఎత్తున్న హార్స్‌లీ కొండమీద కూడా చలికాలపు రాత్రి స్వెటరు వేసుకోవలసి వస్తుందేగాని, కుండలో నీళ్లు గడ్డకట్టవు. నిజమే. అయినా నేను చెప్పబోయే సూత్రం మదనపల్లె, పుంగనూరు, బి.కొత్తకోట ప్రాంతపు టమోటా తోటల్లో ప్రతిరోజూ కనబడుతూనే ఉంటుంది.

మందు కొట్టడం పూర్తయిన తరువాత తెలివైన రైతు స్ప్రేయరును ఏం చేస్తాడో గమనించారా? ట్యాంకులో మంచినీళ్లు పోసి, నాజిల్ గుండా శుభ్రమైన నీరు వచ్చేదాకా కొడతాడు. తరువాత మిగిలిన నీటిని ఒలకబోసి ఆరబెడతాడు. అలా చేయని వాడి స్ప్రేయరు రెండోసారి పని చెప్పినప్పుడు మొరాయిస్తుంది. నాజిల్‌లో మందు గడ్డకట్టి ఉంటుంది. డ్రిప్ పైపుల సంగతీ అంతే. అప్పుడప్పుడూ పైపు చివరి మూత తీసి లోపలి మడ్డిని పోనివ్వకపోతే, సన్నని రంధ్రాలు పూడుకుపోతాయి. నీరు వచ్చే దారి ఎంత ముఖ్యమో, నిలిచిన నీరు పోయే దారీ అంత ముఖ్యమన్నమాట. మన తోటలో ఈ నియమం తప్పితే ఒక పూట పని చెడుతుంది. గడ్డకట్టే సముద్రంలో తప్పితే మనుషుల ప్రాణాలు పోతాయి. తేడా అంతే.

ఓడమీద వాన

ఓడ చుట్టూ కావలసినంత నీరుంది. పంపుతో ఆ నీటిని లోపలికి తోడి, గొట్టాలలో నడిపి, నాజిళ్ల గుండా చల్లితే ఓడమీద కృత్రిమంగా వాన కురిపించవచ్చు. లారీలను, కార్లను ఎక్కించుకుపోయే ఓడల్లో వాహనాల అంతస్తు కప్పుకు ఇటువంటి నాజిళ్లు వరుసగా బిగించి ఉంటాయి. యుద్ధనౌకలలోనైతే, విషవాయువుల తుంపరలో, అణుధార్మిక ధూళో మీద పడితే కడిగివేయడానికి ఓడ పైభాగమంతా నీరు చల్లే ఏర్పాటు ఉంటుంది.

వీటన్నిటికంటె విచిత్రమైనది సహజవాయువును మోసే ఓడ. సహజవాయువును సుమారు −162 డిగ్రీల సెంటిగ్రేడుకు చల్లబరిచి, ద్రవంగా మార్చి రవాణా చేస్తారు. ఆ ద్రవం పొరపాటున ఓడ ఉక్కుమీద ఒలికితే, అంత చలికి మామూలు ఉక్కు గాజులాగ పెళుసెక్కి చిట్లిపోతుంది. అందుకని ద్రవాన్ని ఎక్కించేటప్పుడు, దింపేటప్పుడు, గొట్టాలు కలిసే చోట ఓడ పక్కనుంచి నీటి తెర జారుతూ ఉండేట్లు చేస్తారు. 2 డిగ్రీల సముద్రపు నీరు మనకు ఎముకలు కొరికే చలి. −162 డిగ్రీల ద్రవం పక్కన అది వేడినీళ్ల కిందే లెక్క! ఉక్కును వెచ్చగా ఉంచేది ఆ నీరే.

ఇటువంటి ఓడలు వెచ్చని సముద్రాలలో మాత్రమే తిరుగుతాయనుకోకండి. రష్యాలో ఉత్తరధ్రువ వలయానికి ఎగువనున్న సబెట్టా రేవునుంచి 2017 డిసెంబరులో ద్రవవాయువు రవాణా మొదలైంది. మన దేశపు శాస్త్రజ్ఞులు 1981 డిసెంబరులో గోవానుంచి బయలుదేరి, 1982 జనవరిలో అంటార్కిటికా మీద అడుగు పెట్టారు. అప్పటినుంచి అక్కడికి మన యాత్రలు సాగుతూనే ఉన్నాయి. కాబట్టి ఇది మనకు సంబంధించని ప్రశ్న కాదు.

నీటి మూడు గుణాలు

నీరు గడ్డకట్టేటప్పుడు ముఖ్యంగా మూడు విషయాలు గుర్తుంచుకోవాలి.

మొదటిది వ్యాకోచం. చాలా పదార్థాలు గడ్డకట్టినప్పుడు కుంచించుకుపోతాయి. నీరు మాత్రం దాదాపు 9 శాతం పెరుగుతుంది. 100 ఘనపు సెంటీమీటర్ల నీరు 109 ఘనపు సెంటీమీటర్ల మంచుగడ్డ అవుతుంది. రెండు పక్కలా మూసిన గొట్టంలో ఈ అదనపు చోటు ఎక్కడ దొరుకుతుంది? ఇక్కడొక చిత్రం ఉంది. గొట్టం చాలాసార్లు మంచు కట్టిన చోట పగలదు. మంచుబిరడాకూ, మూసిన వాల్వుకూ మధ్య ఇంకా ద్రవంగానే ఉన్న నీరు చిక్కుకుపోతుంది. మంచు పెరిగేకొద్దీ ఆ నీటిమీద పీడనం విపరీతంగా పెరిగి, అక్కడెక్కడో బలహీనంగా ఉన్నచోట గొట్టం చీలుతుంది. మంచు కరిగేదాకా ఆ చీలిక బయటపడదు. అంటే, మంటలు లేచి, పంపు తిప్పిన రోజున గాని తెలియదు!

రెండవది తుంపర స్వభావం. 1 మిల్లీమీటరు వ్యాసంగల నీటిబొట్టును 0.1 మిల్లీమీటరు వ్యాసంగల తుంపరలుగా విడగొడితే 1000 తుంపరలు వస్తాయి. లెక్క వేసి చూడండి. వాటి మొత్తం ఉపరితలం మొదటి బొట్టు ఉపరితలానికి 10 రెట్లు. అందుకే తుంపర మంటలోని వేడిని చటుక్కున పీల్చుకుని ఆవిరైపోతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 540 కెలోరీలు కావాలి. మంట నార్పడంలో తుంపర బలం ఇదే. చలిగాలిలో దాని బలహీనత కూడా ఇదే. వేడిని అంత త్వరగా పీల్చుకునేది, అంత త్వరగానూ పోగొట్టుకుంటుంది. సముద్రపు నీరు ఉప్పువల్ల సుమారు −1.9 డిగ్రీల వరకు గడ్డకట్టదు. కాని గాలి అంతకంటె చల్లగా, జోరుగా వీస్తుంటే తుంపరలు ఉక్కును తాకుతూనే పొర మీద పొరగా మంచు పేరుకుంటుంది. నాజిల్ మూతి కూడా ఆ మంచుతో మూసుకుపోవచ్చు.

మూడవది బరువు. దీని సంగతి ఎవరూ త్వరగా తలచుకోరు. ధ్రువసముద్రాలలో తిరిగే ఓడల స్థిరత్వాన్ని లెక్కకట్టేటప్పుడు, ఆరుబయట ఉండే డెక్కుల మీద చదరపు మీటరుకు 30 కిలోగ్రాముల మంచు పేరుకుంటుందని అంతర్జాతీయ నియమాల ప్రకారం అనుకోవాలి. 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న డెక్కు తీసుకోండి. దాని వైశాల్యం 200 చదరపు మీటర్లు. అంటే 6000 కిలోగ్రాములు, 6 టన్నుల మంచు. ఇప్పుడు రెండో లెక్క. వాయువు మోసే ఓడల మీద సమతలంగా ఉన్న భాగాలపై చదరపు మీటరుకు నిమిషానికి 10 లీటర్లు చల్లగలగాలని నియమం. మన డెక్కుమీద నిమిషానికి 2000 లీటర్లు, అంటే సుమారు 2 టన్నులు. మూడు నిమిషాలు చల్లితే 6 టన్నులు!

అంత నీరూ గడ్డకడుతుందని నేననడం లేదు. ఒక గ్రాము నీరు గడ్డకట్టడానికి 80 కెలోరీల గుప్తోష్ణాన్ని వదలుకోవాలి. అది క్షణంలో జరిగే పని కాదు. చాలా భాగం నీరు జారి సముద్రంలో పడిపోతుంది. కాని ఎప్పుడు? నీరు బయటికి పోయే తూములు తెరిచి ఉన్నప్పుడు. ఆ తూములే మంచుతో మూసుకుపోతే, చల్లిన నీరంతా డెక్కుమీద నిలుస్తుంది. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసుకుని నడిచి చూడండి. పళ్లెం కొంచెం వాలగానే నీళ్లన్నీ ఆ పక్కకే పరుగెత్తి, దాన్ని ఇంకా వంచుతాయి. ఓడమీద నిలిచిన నీరు కూడా అదే పని చేస్తుంది. పైన బరువు చేరేకొద్దీ ఓడ గరిమనాభి పైకి పోతుంది. గరిమనాభి పైకి పోయిన ఓడ పక్కకు ఒరిగితే తిరిగి నిటారుగా లేవడం కష్టమవుతుంది.

చరిత్ర చెప్పిన పాఠాలు

ఇవి కాగితంమీది లెక్కలే కావు. 1942 ఫిబ్రవరి 9వ తేదీన న్యూయార్క్ రేవులో నార్మండీ అనే ఫ్రెంచి ప్రయాణికుల ఓడ అంటుకుంది. 300 మీటర్లకు పైగా పొడవైన ఓడ. యుద్ధానికి సైనికులను మోసే ఓడగా దాన్ని మార్చుతున్నారు. వెల్డింగు నిప్పురవ్వలు బూరుగు జాతి దూదితో నింపిన ప్రాణరక్షక కోట్లమీద పడ్డాయి. ఓడలోని అగ్నిరక్షణ ఏర్పాట్లు ఆ సమయంలో పనిచేసే స్థితిలో లేవు. అగ్నిమాపక దళాలు ఒడ్డునుంచి, పడవలనుంచి ఎడతెరిపి లేకుండా నీరు పోశాయి. మంటలు అదుపులోకి వచ్చాయి. కాని పై అంతస్తుల్లో చేరిన నీరు బయటికి పోలేదు. ఓడ మెల్లగా ఒరిగి, మరునాడు తెల్లవారకముందే పక్కకు పడిపోయింది. మంట సగం చంపితే, ఖాళీ చేయని నీరు మిగతా సగం చంపింది.

మరొకటి వినండి. 1968 జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఇంగ్లండులోని హల్ రేవుకు చెందిన మూడు చేపల ఓడలు ఒకదాని తరువాత ఒకటి పోయాయి. మొత్తం 58 మంది మరణించారు. మూడవదైన రాస్ క్లీవ్‌లాండ్ ఐస్‌లాండ్ వాయవ్యతీరంలో తుఫానునుంచి తలదాచుకోబోయి, ఫిబ్రవరి 4న మునిగింది. అలలనుంచి లేచిన తుంపర ఓడమీద గడ్డకట్టి బరువు పెరగడం దానికి ముఖ్యకారణం. ఒకే ఒక్కడు బతికి బయటపడ్డాడు. అక్కడ నీరు చల్లింది యంత్రం కాదు, సముద్రం. కాని ఉక్కుమీద పడ్డ తుంపరకు తనను ఎవరు చల్లారన్న పట్టింపు ఉంటుందా? ఈ దుర్ఘటన తరువాత హల్ జాలరుల ఇళ్లలోని స్త్రీలు లిలియన్ బిలొక్కా నాయకత్వంలో ఊరూవాడా కదిలించి, లండను వెళ్లి మంత్రులను నిలదీశారు. ప్రతి ఓడలోనూ రేడియో ఆపరేటరు ఉండాలన్నది వారి కోరికల్లో ఒకటి. రక్షణ నియమాలు ఊరికే పుట్టవని దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

ఇద్దరి వాదాలు

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. గడ్డకట్టే చలిలో నీరు చల్లే వ్యవస్థను ఏం చేయాలి?

కొందరు, “చలికాలంలో దాన్ని తాకవద్దు. పరీక్షించబోతే డెక్కంతా మంచు కడుతుంది, మనుషులు జారిపడతారు. వెచ్చని సముద్రానికి వచ్చాక చూసుకుందాం” అంటారు. ఈ మాటలో కొంత నిజముంది. కాని నెలల తరబడి తాకని వాల్వు అవసరమైన క్షణంలో తిరుగుతుందని నమ్మకమేమిటి? చలికాలమని నిప్పు సెలవు తీసుకోదు. పైగా ఆ రోజుల్లోనే ఓడలో హీటర్లు ఎక్కువగా పనిచేస్తుంటాయి.

మరికొందరు, “గొట్టాలను ఎప్పుడూ నీటితో నింపే ఉంచుదాం. గొట్టాల చుట్టూ విద్యుత్తు తీగలు చుట్టి వెచ్చగా ఉంచితే సరి. మంట పుట్టిన మరుక్షణం నీరు వస్తుంది” అంటారు. ఇది బలమైన వాదం. నిప్పు విషయంలో ప్రతి క్షణమూ విలువైనదే. కాని ఓడలో మంట లేస్తే మొదట పోయేవాటిలో విద్యుత్తు ఒకటి. విద్యుత్తు పోయిన గంటల్లో, బయటి చలికి వదిలేసిన నిండు గొట్టం గతి ఏమిటో ఇప్పుడే చదివారు. ఒక కష్టం వస్తే దానితోపాటే చెడిపోయే రక్షణను రక్షణ అనడం ఎలా?

నా అభిప్రాయం ఇది. ఆరుబయట ఉండే గొట్టాలు ఖాళీగా ఉండాలి. వెచ్చగా ఉండే లోపలి భాగంలో ఒక వాల్వు పెట్టి, దాని వెనకదాకా మాత్రమే నీరు నింపి ఉంచాలి. దీనివల్ల ఎంత ఆలస్యమవుతుందో లెక్క చూద్దాం. 10 సెంటీమీటర్ల వ్యాసం, 100 మీటర్ల పొడవుగల గొట్టంలో దాదాపు 785 లీటర్లు పడతాయి. నిమిషానికి 2000 లీటర్లు తోడే పంపు దాన్ని 24 సెకన్లలో నింపుతుంది. ఆ 24 సెకన్లు తక్కువేమీ కాదని ఒప్పుకుంటాను. కాని ఆలస్యంగా వచ్చే నీటికీ, అసలు రాని నీటికీ మధ్య ఎన్నుకోవలసి వస్తే, నేను ఆలస్యాన్నే ఎన్నుకుంటాను.

ధ్రువసముద్రాలలో తిరిగే ఓడలకోసం 2017 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన అంతర్జాతీయ నియమావళి కూడా ఈ దారినే పట్టింది. మంటలార్పే నీటి గొట్టాలలో ఆరుబయట ఉండే భాగాన్ని విడదీయడానికి వాల్వులు ఉండాలని, ఆ భాగాన్ని ఖాళీ చేసే ఏర్పాటు ఉండాలని, పంపులు గడ్డకట్టని వెచ్చటి గదుల్లో ఉండాలని అది చెబుతోంది. కాని నియమం ఏర్పాటును ఇవ్వగలదే గాని, అలవాటును ఇవ్వలేదు. వాల్వు ఉండడం వేరు, చలిగాలిలో చేతులు కొంకర్లు పోతుంటే వెళ్లి దాన్ని తిప్పడం వేరు.

పరీక్ష ఎలా జరగాలి?

పరీక్ష మానకూడదన్నాను కదా. మరి ఎలా చేయాలి? ముందు తూములలో మంచు లేకుండా చూడాలి. తరువాత వాల్వు తెరిచి, పంపు తిప్పి, ప్రతి నాజిల్ నుంచీ నీరు వస్తున్నదో లేదో కంటితో చూడాలి. చాలినంతసేపే నడిపి ఆపాలి. అక్కడితో పరీక్ష అయిపోయిందని అనుకునేవారే ఎక్కువ. నిజానికి సగమే అయింది.

లోపలి వాల్వు మూసి, గొట్టం అన్నిటికంటె పల్లంగా ఉన్నచోట్ల ఖాళీ చేసే వాల్వులన్నీ తెరవాలి. అన్నిటికంటె ఎత్తైన చోట గాలి లోపలికి వచ్చే దారి కూడా తెరవాలి. ఎందుకో తెలియాలంటే, ఒక స్ట్రాను నీళ్లలో ముంచి, పైకొనను వేలితో మూసి ఎత్తండి. నీరు కారదు. వేలు తీయగానే జారిపోతుంది. గాలి వచ్చే దారి లేకుంటే నీరు పోయే దారి ఉన్నా లాభం లేదు. ఆ తరువాత పీడనంలో ఉన్న గాలిని గొట్టంలోకి ఊది, వంపుల్లో మిగిలిన నీటిని కూడా తరిమివేయాలి.

ఇక్కడ మీ తెలివికి ఒక పరీక్ష. సముద్రపు నీటిలోని ఉప్పు గొట్టాన్ని తినేస్తుంది, నాజిల్‌ను పూడుస్తుంది. అందుకని ఒక నావికుడు గొట్టాన్ని మంచినీటితో కడిగి, కొంచెం నీరు మిగిలినా ఫరవాలేదని వదిలేశాడనుకోండి. అతడు ప్రమాదాన్ని తగ్గించాడా, పెంచాడా? ఉప్పునీరు −1.9 డిగ్రీలదాకా ఓర్చుకుంటుంది. మంచినీరు 0 డిగ్రీలకే గడ్డకడుతుంది. అంటే, కడిగి వదిలేసిన గొట్టం కడగని గొట్టంకంటె ముందే గడ్డకడుతుంది! కడగడం మంచి పనే. కాని కడిగినవాడు ఇంకా జాగ్రత్తగా ఖాళీ చేయాలి. సగం చేసిన మంచిపని ఒక్కోసారి అసలు చేయనిదానికంటె చెరుపు చేస్తుంది.

మీరు చేయగలిగినది

విశాఖపట్నంలో 1948లో జలప్రవేశం చేసిన ‘జల ఉష’ నాటినుంచి తెలుగుగడ్డమీద ఓడలు తయారవుతున్నాయి. తెలుగు యువకులు, ఇప్పుడు యువతులు కూడా, వాణిజ్య నౌకల మీద ప్రపంచమంతా తిరుగుతున్నారు. సముద్రం చూడని ఊళ్లనుంచి కూడా వెళుతున్నారు. మీలో ఒకరు ఏదో ఒకనాడు మంచుసముద్రం మీద ఆ వాల్వు పక్కన నిలబడవచ్చు. మరొకరు లడఖ్‌లోనో, అంటార్కిటికాలోనో నీటి గొట్టాలకు బాధ్యులు కావచ్చు.

అందాకా ఒక చిన్న ప్రయోగం చేయండి. ఒక మెత్తని ప్లాస్టిక్ సీసాలో మూడువంతుల మేరకు నీరు పోసి, నీటిమట్టం దగ్గర గీత గీసి, మూత బిగించకుండా ఫ్రిజ్ పైఅరలో ఒక రాత్రి నిలబెట్టండి. పొద్దున గీతకు ఎంత పైన మంచు ఉందో కొలవండి. గాజుసీసా మాత్రం వాడకండి, పగిలి చేతికి గుచ్చుకుంటుంది. నీటి సౌకర్యం ఎక్కడ కనబడినా, అది బడిలోని ట్యాంకు కానివ్వండి, తోటలోని డ్రిప్ కానివ్వండి, రెండు ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకోండి. దీన్ని తెరిచేదెవరు? పని అయ్యాక ఖాళీ చేసేదెవరు? మొదటి ప్రశ్నకు జవాబు చెప్పేవారు పదిమంది దొరుకుతారు. రెండో ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాడు ఓడలో ఉంటే, మిగతావాళ్లు నిశ్చింతగా నిద్రపోవచ్చు.